చిట్టచివర మునిగే చిమ్నీ

పోయిన శనివారం ముత్తుకూరు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. డ్యూటీ దిగి వస్తున్నట్టున్నాడు, పసుపు హెల్మెట్ ఒళ్ళో ఉంది. కూర్చోగానే ఫోను తీసి, ఒక కన్ను మూసి, రెండో కంటితో తెరలోకి గురి చూడటం మొదలుపెట్టాడు. నాకు తెలియక కాదు గానీ, మాట కలుపుదామని "ఏమయ్యా, కంట్లో నలక పడిందా?" అన్నాను. "లేదు సార్, వలరాజు ఆడతా ఉండా. చర్చి గోపురం ఎనకాల సరిగ్గా చిమ్నీ వచ్చిందనుకో, ఆడ చేప ఉండాది. రెండు కళ్ళూ తెరిస్తే గురి కుదరదు" అని నాకు పాఠం చెప్పాడు. నాకు! ఇంక ఉండబట్టలేక "ఆ ఆట చేసింది మా అక్కేనయ్యా" అన్నాను. ఆయన నా గొడుగునూ, చేతిసంచినీ, సంచిలోంచి తొంగిచూస్తున్న మునక్కాయలనూ ఎగాదిగా చూసి "అట్నా సార్" అని మళ్ళీ కన్ను మూసుకున్నాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నెల్లూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉడికిపోయాను. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మీరైతే స్టాపు వచ్చిందని మధ్యలో దిగిపోలేరు కదా.

మాది బుచ్చిరెడ్డిపాలెం. వరి తప్ప వేరే లోకం ఎరగని ఇల్లు. సముద్రమంటే మాకు ఏడాదికోసారి మైపాడు వెళ్ళి కాళ్ళు తడుపుకొని రావడమే. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. ఇంట్లో మోగేది ఏది కనబడినా విప్పేది. నాన్న రేడియో, గోడగడియారం, చివరికి చర్చిలో పాడైన మైకు కూడా విప్పింది. విప్పినవన్నీ మళ్ళీ బిగించేది గానీ ప్రతిసారీ రెండు మరలు మిగిలేవి. "అవి ఎక్కువై పెట్టినారులే" అనేది. డిప్లొమా పూర్తిచేసి నెల్లూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో చేరింది. పక్క బల్ల మీద పనిచేసే అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. బావది ముత్తుకూరు అవతల, సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాలెం. మా నాన్న ఆరు నెలలు పలకలేదు. చివరికి బావ వాళ్ళ నాన్నే ఒక పెద్ద వంజరం చేపను గోనెసంచిలో చుట్టుకొని బస్సెక్కి మా వాకిట్లో దిగాడు. నాన్న వడ్ల తేమ గురించి, ఆయన దక్షిణపు గాలి గురించి మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాలేదు. లేచేసరికి మాత్రం ప్రాణస్నేహితులు. ఆ పెద్దాయన్నే నేను మామ అంటాను.

అవి మీటల ఫోన్ల రోజులు. అక్క ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఇంట్లో కూర్చొని ఆ ఫోన్లలో ఆడుకునే చిన్న చిన్న ఆటలు రాయడం నేర్చుకుంది. అత్తగారి ఊరు కదా అని చేపల వేట ఆట మొదలుపెట్టింది. పైన పడవ, కింద నీళ్ళల్లో ఈదే చేపలు, చేప మీదికి పడవ రాగానే మీట నొక్కితే వల. మామకు చూపించింది. ఆయన ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళల్లో చేప కనపడతా ఉంటే ఇంక మనిషెందుకమ్మాయ్? కొంగ చాలు" అన్నాడు. అక్క మొహం చిన్నబోయింది. "మరి ఎట్టా పట్టేది మామా?" అంటే ఆయన చెప్పిన మాట ఇది: "నీళ్ళు చూసి గాదు, ఒడ్డు చూసి వల వెయ్యాల. కింద రాయి ఉండే చోట చేప ఉంటాది. ఆ చోటు యాడుండాదో నీళ్ళ మీద గీత గీసి ఉండదు. చర్చి గోపురం ఎనక నీళ్ళట్యాంకు వస్తే ఒక గురుతు. పడవ నాలుగు బారలు జరిగితే ట్యాంకు పక్కకు పోతాది. అంటే చోటు తప్పినావని."

మామ ఆ మాట అన్నాక అక్క వాకిట్లో ఎగిరి గంతేసింది. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. ఆ ఫోనులో పడవ ముందుకు పోతున్నట్టు చూపించడం ఆమె వల్ల కాలేదు. ఫోను జ్ఞాపకంలో అంత చోటే లేదు. నీళ్ళు, పడవ, ఒడ్డు, చప్పుడు అన్నీ కలిపినా ఇప్పుడు మనం తీసుకునే ఒక ఫొటోలో మూలకు రావు. కానీ రెండు బొమ్మల పట్టీలను ఒకదాని వెనక ఒకటి పెట్టి, ముందుదాన్ని వేగంగా, వెనకదాన్ని నెమ్మదిగా పక్కకు జరపడం ఆ ఫోనుకు చేతనయిన పని. ముందు పట్టీలో గోపురం, వెనక పట్టీలో ట్యాంకు. రెండూ ఒక వరస మీదికి వస్తే వల. ఫోను చేతకానితనమూ, మామ నలభై ఏళ్ళ విద్యా ఒక్కచోట కలిశాయి. మంచి ఫోను ఉండి ఉంటే మా అక్క అందరిలాగే నీళ్ళల్లో చేపల్ని ఈదించి ఊరుకునేది.

ఇందులో నా ఘనకార్యం కూడా ఒకటి ఉంది. అక్కకు బొమ్మలు రావు. నాకు వస్తాయని నాకు గట్టి నమ్మకం. నోటుపుస్తకం తీసుకొని పాలెం వెళ్ళి, ఊరి వైపు ఒక గట్టు మీద కూర్చొని, సముద్రాన్ని చూస్తూ గోపురాన్నీ, ట్యాంకునూ, సరుగుడు తోపునూ వరసగా గీసుకొచ్చాను. అక్క దాన్నే ఆటలోకి ఎక్కించింది. బావ కొట్టుకు వచ్చినవాళ్ళ మెమరీ కార్డుల్లో పాటలతో పాటు ఆటనూ ఎక్కించి పంపేశాడు. పది రోజుల తర్వాత మామ చూసి పడీ పడీ నవ్వాడు. "అబ్బయా, ఇది ఒడ్డు మీద కూసోని సముద్రం చూసినోడి ఒడ్డు. పడవలో ఉండేవోడికి ఇదంతా తిరగబడి ఉంటాది గదా! నువ్వు చెప్పిన చోట వలేస్తే మా పక్కూరోళ్ళ వలలో పడతాది." వరి పొలాల్లో పుట్టినవాడు చేసే తప్పే చేశాను. మాకు సముద్రం చూడటానికుంది, అక్కడి నుంచి మనల్ని చూసేవాడు ఒకడుంటాడని తట్టదు. అప్పటికి ఆట నెల్లూరు, కావలి, గూడూరు దాకా పాకిపోయింది. రెండో భాగంలో సరిదిద్దితే "పాతదే బాగుండాది" అని పోట్లాడినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక వలరాజు అన్న పేరు అక్కదే. తెలుగు పంతుల్ని గనక, కావ్యాల్లో వలరాజంటే మన్మథుడే తల్లీ అని చెప్పాను. "మంచిదేగా, ఆయన కూడా వేటగాడే" అంది. ప్రేమ ఆట అనుకొని ఎక్కించుకున్నవాళ్ళు ఎందరో దేవుడికే తెలియాలి.

ఆ ఫోన్లకు ఇంకో అవలక్షణం ఉండేది. ఒకసారికి ఒక మీటే పలికేది. పడవ నడుపుతూ వల వేద్దామంటే కుదరదు, నడిపే మీట వదిలితేనే వల మీట పనిచేస్తుంది. వదిలిన క్షణంలో అల పడవను పక్కకు నెట్టేస్తుంది, గురి తప్పుతుంది. అక్క దీన్ని చూసి ఏడుపుమొహం పెడితే మామ మాత్రం "అదే నిజం" అన్నాడు. ఒంటరిగా పోయినవాడు తెడ్డూ వలా ఒకేసారి పట్టుకోలేడట. అదే ఆటకు ప్రాణమైంది. తర్వాత వేలితో తాకే ఫోన్లు వచ్చాయి, పది వేళ్ళూ ఒకేసారి పెట్టినా పలుకుతాయి. అయినా అక్క ఆ నియమం తీయలేదు. పదిహేనేళ్ళు దాటినా, ఇంత తెర వచ్చినా, వలరాజు ఆడేవాడు చుక్కాని వదిలితేనే వల విప్పుకుంటుంది. ఎందుకలా అని ఇప్పటివాళ్ళు అడిగితే, ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఫోను పెట్టిన నియమం అని ఎలా చెప్పడం?

మూడో భాగం దగ్గర ఇంజిన్ వచ్చింది. అంతవరకు అక్క ప్రతి అలనూ చేత్తో రాసుకునేది. "ఈసారి ఇంజిను మీద చేస్తా ఉండా మామా" అనగానే ఆయన ఠక్కున "ఎన్ని గుర్రాలు?" అన్నాడు. అక్క ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది, నీళ్ళు ఎట్టా కదలాల, ఎండ ఎట్టా పడాల, పడవ రాయికి కొడితే ఏం కావాల, ఇవన్నీ ఎవరో ముందే చేసిపెట్టి ఇస్తారు, వాటి మీద మన ఆట మనం కట్టుకోవడమే అని. మామ తలాడించి అన్నాడు: "అర్థమైంది. మా తెప్పకి మొదటిసారి ఇంజిను కట్టినప్పుడు కట్లన్నీ ఊడినాయి. ఇంజిను మారితే పడవ మారాల. పడవ మారితే వల మారాల. వల మారితే పడే చేప గూడా మారిపోతాది. చూసుకో తల్లీ." నేను బీఈడీలో ఏడాదంతా చదివినదాంట్లో ఇంత చక్కటి వాక్యం ఒక్కటి లేదు. అన్నట్టే అయింది. మూడో భాగం బాగానే గట్టెక్కింది గానీ నాలుగో భాగంలో ఇంజిన్ ఇచ్చిన నీళ్ళు ఎంత అందంగా వచ్చాయంటే, ఆడేవాళ్ళు నీళ్ళనే చూస్తూ ఒడ్డును మరిచిపోయారు. మామ ఆడి, "నీళ్ళు బ్రమ్మాండంగా ఉండాయి. చేపలు యాడుండాయో మాత్రం తెలీలా" అని ఫోను తిరిగిచ్చేశాడు. జనం కూడా అలాగే తిరిగిచ్చేశారు.

ఐదోది ఇక చావో రేవో. పాత ఇంజిన్ మీద కట్టిన ఆటలు కొత్త ఫోన్లలో ఎక్కడం మానేశాయి, కొత్త ఇంజిన్‌కు మారక తప్పలేదు. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చి ఆటను మేం విడుదల చేస్తాం అంది. ఒప్పంద కాగితంలో ఒక వాక్యం ఉంది. రెండేళ్ళ తర్వాతి వేసవి సెలవులు మొదలయ్యేలోగా మామూలు ఫోన్లలో ఆట సాఫీగా నడవాలి, నడవకపోతే వలరాజు పేరుతో సహా కంపెనీది, వాళ్ళ మనుషులే చేసుకుంటారు. ఆ కాగితం నేనూ చదివాను. చదివి, "భాష బాగుంది, సంతకం పెట్టు" అన్నాను. నా చదువు సంతకెళ్ళ.

అక్క రెండేళ్ళు కూర్చొని పాలెం ఒడ్డంతా కొత్త ఇంజిన్లో కట్టింది. సరుగుడు తోపులో చెట్టు చెట్టుకూ కొమ్మలు వేరు. ఆరేసిన వలలు గాలికి ఊగుతాయి. మామ ఇంటి నీలం తలుపు, దాని పక్క కోళ్ళ గంప కూడా ఉన్నాయి. అప్పటికి నీళ్ళట్యాంకు కూలిపోయి కరెంటు ప్లాంటు చిమ్నీలు లేచాయి. నిజం పడవలవాళ్ళు వాటినే గురుతుగా పెట్టుకున్నారు గనక ఆటలోనూ అవే. కంపెనీవాళ్ళ ఖరీదైన ఫోనులో పెడితే కళ్ళు చెదిరిపోయాయి. అదే ఆటను పాలెంలో ఒకరి ఫోనులో పెడితే, ఫోను అట్లపెనం మాదిరి కాలింది, పడవ కుంటింది. ఇంత ఒడ్డును ఒకేసారి గీయడం ఆ ఫోను వల్ల కాదు. ఎంత దూరం వరకు గీయాలో ఇంజిన్‌కు ఒక హద్దు పెట్టుకోవచ్చు. హద్దు తగ్గిస్తే పడవ హాయిగా నడిచింది. కానీ కాస్త లోపలికి పోగానే చిమ్నీ మాయం, గోపురం మాయం, చుట్టూ పొగమంచు. గురుతు లేకపోతే ఇక ఆటేముంది?

కంపెనీ మేనేజరు చాలా మర్యాదస్తుడు. కోప్పడటానికి కూడా అవకాశం ఇవ్వడు. "మేడమ్, పొగమంచు చాలా బాగుంది. గురుతులు తీసేసి, చేప ఉన్న చోటికి ఒక బాణం పెట్టేద్దాం. ఎవరైనా ఆడతారు" అన్నాడు. అక్క ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "బాణం పెడితే అది వలరాజు గాదురా. అది పోస్టు ఉత్తరం. అడ్రసు చూసి ఇచ్చి రావడమే" అంది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోవడం పెళ్ళప్పుడు కూడా చూడలేదు నేను. గడువు మూడు వారాలుంది. ప్రతి చెట్టులో కొమ్మలు తగ్గించింది, ప్రతి ఇంటికీ కిటికీలు తీసేసింది, అన్నిటినీ తలా కొంచెం కోసింది. ఒడ్డు ఒడ్డంతా గుండు కొట్టించుకున్నట్టయింది గానీ ఫోను మాత్రం కాలుతూనే ఉంది. అలా ఒక వారం గడిచాక, "మామా, నన్ను ఒకసారి లోపలికి తీసుకుపో. అసలు దూరం నుంచి ఏం కనపడతాదో నా కళ్ళతో చూడాల" అంది.

తెల్లారగానే బయల్దేరాం. నన్నెందుకు ఎక్కించుకున్నారో పడవ కదిలాక తెలిసింది. మామ పడవలో ఒక పద్ధతి ఉంది. లోపలికి పోయేటప్పుడు ఒక మనిషి సముద్రానికి వీపు పెట్టి, ఒడ్డుకేసి కూర్చొని, ఏది కనబడకుండా పోతే దాన్ని "మునిగింది" అని అరిచి చెబుతుండాలి. పడవ నడిపేవాడు వెనక్కి తిరగకుండా ఎంత లోపలికి వచ్చామో దాన్నిబట్టి తెలుసుకుంటాడు. ఆ పని నాకిచ్చారు. బడిలో హాజరు పిలిచే గొంతు కదా, బాగా పనికొచ్చింది. మొదట ఇసుక మీది పడవలు మునిగాయి. తర్వాత ఇళ్ళు, మామ నీలం తలుపుతో సహా. "ఐసు ఫ్యాక్టరీ మునిగింది!" అన్నాను. "ఎవురడిగినారు దాన్ని?" అని మామ కసిరాడు. తోపు చెట్లన్నీ కలిసి ఒక పచ్చ గీతయ్యాయి, గీత సన్నమై అదీ మునిగింది. చాలాసేపటికి గోపురం మీది శిలువ, లైట్‌హౌసు, ఒంటి తాడిచెట్టు తల, ఇవే మిగిలాయి. శిలువ వెనక చిమ్నీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

అక్క నోటుపుస్తకంలో వరసగా రాసుకుంటూ, ఒడిలో ఉన్న ఫోనులో తన ఆట పడవను కూడా అంతే దూరం పోనిచ్చి చూస్తోంది. ఉన్నట్టుండి కెవ్వుమంది. ఎక్కడ నీళ్ళల్లో పడిందోనని మామ పడవ ఇంజిన్ ఆపేశాడు. "మామా, నా దాంట్లో మొట్టమొదట మునిగింది చిమ్నీ! ఈడ చిట్టచివర మునిగేది అదే!" ఫోను చూపించింది. నిజమే. చిమ్నీలు ఊరికి వెనక, అన్నిటికంటే దూరంగా ఉంటాయి. ఆట ఇంజిన్‌కు దూరం ఒక్కటే తెలుసు, ఎత్తు తెలియదు. దూరంగా ఉందని ముందు వాటినే కోసేసింది. తర్వాత గోపురం. దగ్గరగా ఉన్నాయని కోళ్ళ గంపనూ, వలలనూ, ఐసు ఫ్యాక్టరీనీ మాత్రం భద్రంగా మోసుకొస్తోంది. మామ ఒక్కసారి చూసి, "మునగాల్సినవి మునగనీ తల్లీ. అన్నిట్నీ సమానంగా మోసుకొస్తా ఉంటే ఇంక గురుతేముంటాది?" అన్నాడు. ఈ మాట ఆయన చాలా మామూలుగా, బీడీ వెలిగించుకుంటూ అన్నాడు.

తిరిగి వచ్చాక వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చొని జాబితా రాశారు. ఎంత దూరమైనా మాయం కాకూడనివి ఏవి అని. నేను లైట్‌హౌసు, పోర్టు క్రేన్లు, కొత్త కల్యాణమండపం అని చెప్పుకుంటూ పోయాను. మామ కల్యాణమండపం కొట్టేయించాడు. "రేపు దాని పక్కన ఇంకోటి కడతారు. గురుతంటే పదేళ్ళు అట్నే నిలబడాల." క్రేన్లు కదులుతాయి, అవీ పోయాయి. చివరికి నాలుగే మిగిలాయి. చిమ్నీలు, లైట్‌హౌసు, శిలువ, తోపు దక్షిణపు కొసన ఒంటరిగా ఉండే తాడిచెట్టు. ఆ నాలుగింటినీ హద్దుతో పనిలేకుండా ఎప్పుడూ గీయమని అక్క ఇంజిన్‌కు చెప్పింది. మిగతాదంతా, రెండేళ్ళు కూర్చొని కట్టిన కొమ్మా రెమ్మా, నీలం తలుపు, అన్నీ పడవ కాస్త లోపలికి పోగానే మునిగిపోయేలా చేసింది. ఒక్కొక్కటీ తీసేస్తుంటే నాకే మనసు ఒప్పలేదు. "పోనీలేరా, ఒడ్డుకి తిరిగొచ్చినప్పుడు కనపడతాయి గదా" అంది. ఆ సాయంత్రం పాలెంలో అన్నిటికంటే పాత ఫోను అడిగి తెచ్చి ఆట ఎక్కించింది. నడిచింది! ఫోను చల్లగా ఉంది. నేనైతే అరుగు మీద నుంచి దూకాను, మోకాలు దోక్కుపోయింది, అయినా నవ్వుతూనే ఉన్నాను.

గడువుకు ముందు రోజు మేనేజరు కారులో వచ్చాడు. రెండు మంచి ఫోన్లు తెచ్చుకున్నాడు. అక్క వాటిని పక్కన పెట్టించి, వలలు బాగుచేసుకునే పాకలోకి తీసుకెళ్ళింది. అక్కడ పదిమందీ తమ ఫోన్లు చాప మీద పరిచారు. పగిలిన తెరలు, రబ్బరు బ్యాండుతో కట్టిన వెనక మూతలు. అన్నిటిలోనూ ఆట పెట్టారు. కుయ్యిమనకుండా నడిచింది. మేనేజరు ఒక ఫోను తీసుకొని తనే ఆడాడు. పడవ లోపలికి పోయింది, ఒడ్డు ఒక్కొక్కటిగా మునిగింది, చివరికి నీళ్ళ అంచున నాలుగు పుల్లల్లాంటివి మిగిలాయి. "ఇప్పుడేం చెయ్యాలి? బాణం లేదుగా" అన్నాడు దీనంగా. గంపతో చేపలమ్మే పెద్దమ్మ ఒకామె పక్కనే కూర్చొని ఉంది. "బాణం ఎందుకు నాయనా, దేవుడు కన్ను ఇచ్చినాడు గదా. ఒకటి మూసుకో. ఒకటే. రెండూ మూస్తే మునిగిపోతావు" అంది. పాకంతా నవ్వు. ఆయన ఎర్రబడి, ఒక కన్ను మూశాడు. శిలువ అటు పోయింది, చిమ్నీ ఇటు వచ్చింది. ఒకసారి తప్పాడు, రెండుసార్లు తప్పాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగిపోయాయి. మూడోసారి శిలువ వెనక చిమ్నీ చక్కగా నిలబడింది. చుక్కాని వదిలాడు. వల పడింది. నిండుగా పడింది.

"పడింది! పడింది మేడమ్!" అని ఆ మర్యాదస్తుడు చొక్కా నలగడం కూడా చూసుకోకుండా చాప మీద మోకాళ్ళ మీద లేచి అరిచాడు. పెద్దమ్మ గంప తిప్పి దరువు వేసింది. ఇంకోసారి ఆడతానని ఫోను ఇవ్వనన్నాడు, ఫోను గలాయన ఇంటికి పోవాలని బతిమాలుకున్నాడు. కారెక్కే ముందు "బాణం మాట మరిచిపోండి మేడమ్. వలరాజు మీదే" అని అక్కకు నమస్కారం పెట్టాడు. కారు మలుపు తిరిగాక అక్క మామ దగ్గరికి పోయి, చిన్నపిల్లలా ఆయన భుజం మీద తల పెట్టి భోరుమంది. ఆయన "ఛీ, గెలిచి ఏడుస్తారా ఎవురైనా" అంటూ తను కూడా తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వేసవిలో వలరాజు ఐదో భాగం బోగోలు నుంచి తడ దాకా ఆడని ఊరు లేదు. సముద్రం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఆడుతున్నారని, తమ ఊళ్ళో గురుతులు కూడా పెట్టమని ఉత్తరాలు రాస్తున్నారని అక్క గొప్పగా చెబుతుంది. ఆట చివర పేర్లు వచ్చే చోట మొట్టమొదటి పేరు మామది. దాని పక్కన గురుతులు అని ఒకే మాట ఉంటుంది.

ఇప్పుడు మామ లోపలికి పోవడం లేదు, మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. అక్క జుట్టు నెరిసింది. ఇంకో కొత్త ఇంజిన్ వచ్చిందట, ఆరో భాగానికి మళ్ళీ అన్నీ మొదటి నుంచి కట్టాలని తిట్టుకుంటూనే సంతోషంగా కూర్చుంది. మొన్న ఆదివారం పోతే మామ అరుగు మీద కూర్చొని తన చిన్నప్పటి తెప్పల గురించి చెప్పాడు. కొన్ని పేర్లు గుర్తుకు రాలేదు, కొన్ని మాత్రం ఎదురుగా ఉన్నట్టే చెప్పాడు. వింటూ అనుకున్నాను. కాలం కూడా ఇంజిన్ మాదిరి దూరాన్ని చూసి కోస్తుందే గానీ ఎత్తును చూడదు. అందుకే మనలో ఎవరో ఒకరు అది పోయే వైపుకు వీపు పెట్టి కూర్చొని, ఇంకా మునగనివి ఏవో గట్టిగా పిలిచి చెబుతూ ఉండాలి.